సర్వేయర్ రాకముందే కడిగేయకండి

పాఠకుల ప్రశ్నలకు జవాబులు. చెన్నై వానాకాలం దగ్గరపడుతోంది కాబట్టి ఈసారి బీమా క్లెయిముల గురించి వచ్చిన ఉత్తరాలే తీసుకున్నాం. ఇక్కడ సర్వేయర్ అంటే నష్టాన్ని చూసి ఎంతో లెక్కకట్టడానికి బీమా కంపెనీ పంపే లైసెన్సున్న మనిషి.

ప్రశ్న: మాది నెల్లూరు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి అంబత్తూరులో ఒక కార్ల సర్వీస్ సెంటర్‌లో పనిచేస్తున్నాను. మా దగ్గరికి రోజూ సర్వేయర్లు వస్తుంటారు. ఆ వృత్తిలోకి వెళ్లాలంటే ఏం చేయాలి? పని ఎలా ఉంటుంది?

జవాబు: మీ డిగ్రీ మోటార్ విభాగానికి సరిపోతుంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దగ్గర ట్రెయినీగా నమోదై, లైసెన్సున్న సర్వేయర్ కింద ఏడాది శిక్షణ తీసుకోవాలి. ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా పెట్టే సర్వేయర్ పరీక్ష రాయాలి. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న సర్వేయర్ల సంస్థలో సభ్యత్వం కూడా కావాలి. లైసెన్సు మూడేళ్లకోసారి రెన్యూ చేయించుకోవాలి. ఇదంతా ఓపికుంటే అయిపోయేదే. అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. లైసెన్సు చేతికొచ్చినంత మాత్రాన పని రాదు. బీమా కంపెనీల ప్యానెల్లో పేరు ఎక్కాలి, వాళ్లు పిలవాలి. ఫీజు కేసుకింత అని కంపెనీయే ఇస్తుంది, అదీ ఆలస్యంగానే అందుతుంటుంది. మొదటి రెండేళ్లూ ఇంటి ఖర్చుకు వేరే దారి చూసుకుని దిగడం మంచిది.

పని స్వభావం ఒక్క ముక్కలో చెప్పాలంటే, ముందు కారణం తేల్చాలి, ఎంత ఇవ్వాలన్నది ఆ తర్వాత. బండి దగ్గరికి వెళ్లగానే చాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో అచ్చు తీస్తారు. ఆర్సీ, లైసెన్సు, పాలసీ చూస్తారు. నాలుగు మూలల నుంచీ ఫొటోలు, కిలోమీటర్ల రీడింగ్, దెబ్బతిన్న ప్రతి భాగం, వీలైనచోట నంబర్ ప్లేట్ కూడా కనబడేలా తీస్తారు. తర్వాత దెబ్బ కథకు సరిపోతుందా లేదా చూడాలి. లారీ వెనక గుద్దానన్న కారుకి దెబ్బ లారీ బంపర్ ఎత్తులో ఉండాలి కదా! చిరిగిన రేకు అంచు మెరుస్తుంటే కొత్త దెబ్బ, తుప్పు పట్టి లోపల దుమ్ము పేరుకుని ఉంటే పాతది. చెన్నై ఉప్పుగాలికి నాలుగు రోజుల్లోనే తుప్పెక్కుతుంది కాబట్టి ఒక్క తుప్పు చూసి తేల్చేయకూడదు. రిపేరయ్యాక మళ్లీ వెళ్లి, మార్చినట్టు బిల్లు వేసిన భాగం నిజంగా మారిందా అని చూడాలి. విప్పిన పాత భాగాన్ని షెడ్డువాళ్లు చూపించలేకపోతే బిల్లులో ఆ లైను కొట్టేయడమే. అలాంటి భాగాలు చివరికి పాత విడిభాగాల బజారు పుదుపేట చేరతాయని మీకు వేరే చెప్పక్కర్లేదు.

షెడ్డుకు ఎక్కువ కావాలి, కంపెనీకి తక్కువ కావాలి, కారు ఓనరుకు జేబులోంచి ఏమీ పోకూడదు. ముగ్గురికీ నచ్చే రిపోర్టు ఉండదు. మాట పడే ఓపిక లేకపోతే ఇటు రాకండి.

ప్రశ్న: బిల్లు 47,000 అయితే 36,800 మాత్రమే ఇస్తామన్నారు. కారు కొని నాలుగున్నరేళ్లయింది. ఇంత కోత ఎలా పడింది?

జవాబు: మీరు పంపిన బిల్లులో బానెట్ 12,000, బంపర్ 6,000, ముందు అద్దం 7,000, పెయింటింగ్ 16,000, లేబర్ 6,000 ఉన్నాయి. జీఎస్టీ పక్కన పెడదాం. నాలుగు నుంచి ఐదేళ్ల మధ్య బండికి లోహపు భాగాల మీద 35 శాతం తరుగు, అంటే బానెట్‌కి 7,800 వస్తుంది. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు వయసుతో పని లేకుండా సగమే ఇస్తారు కాబట్టి బంపర్‌కి 3,000. అద్దానికి తరుగు లేదు. పెయింటింగ్ మొత్తం ఒకే బిల్లుగా ఉంటే అందులో నాలుగో వంతు రంగు ఖరీదు అనుకుని దానిలో సగం తీసేస్తారు, అలా 14,000. లేబర్ పూర్తిగా వస్తుంది. కలిపితే 37,800. 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరి కోత 1,000 పోగా 36,800. లెక్క సరిగ్గానే ఉంది. తరుగు కోయకుండా ఉండే జీరో డెప్ యాడ్-ఆన్ (అదనంగా కట్టి తీసుకునే రక్షణ) తీసుకుని ఉంటే మీ చేతి ఖర్చు ఆ వెయ్యితో పోయేది.

ప్రశ్న: వేళచ్చేరిలో కారు మునిగింది. నీళ్లు తీశాక స్టార్ట్ చేస్తే టక్కున శబ్దం వచ్చి ఆగిపోయింది. ఇంజిన్‌కి డబ్బు రాదంటున్నారు.

జవాబు: గాలి వెళ్లే దారిలో నీళ్లు సిలిండర్‌లోకి చేరితే, స్టార్ట్ చేసినప్పుడు వాటిని నొక్కడం పిస్టన్ వల్ల కాదు. కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆ నష్టం వరద చేసింది కాదు, తాళం తిప్పడం వల్ల జరిగింది అని కంపెనీ అంటుంది. మామూలు పాలసీలో ఇలాంటి అనంతర నష్టం రాదు, ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ కావాలి. దాని షరతులు కంపెనీకొక రకంగా ఉంటాయి, చదివి చూడండి.

సర్వేయర్ సీటుబెల్టును చివరిదాకా లాగి చూస్తారు. సీట్లు ఎంత కడిగినా లోపల చుట్టుకున్న బెల్టు మీద బురద గీత ఉండిపోతుంది, నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో అదే చెబుతుంది. ఎయిర్ ఫిల్టర్ పెట్టె, కార్పెట్ కింది వైరింగ్ చూస్తారు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు పోసిన టీలా ఉంటే నీళ్లు కలిసినట్టే. 2015లోనూ, 2023 మిచౌంగ్ తుపానులోనూ మునిగిన బండ్ల వాళ్లకు చెప్పాల్సింది ఇదొక్కటే: తాళం జోలికి వెళ్లకండి, బ్యాటరీ తీగ విప్పి టోయింగ్ బండి పిలవండి. రిపేరు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో రాసిన బండి విలువలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద, అంటే బండి మొత్తం పోయినట్టే చూస్తారు.

ప్రశ్న: సౌకార్‌పేటలో చీరల గోడౌన్. వరదలో 8 లక్షల సరుకు పోతే 6 లక్షలే రాశారు. పాలసీ 30 లక్షలకు ఉంది కదా?

జవాబు: చిక్కంతా ఆ 30 లక్షల్లోనే ఉంది. మీ లెక్కల ప్రకారం ఏడాది మొదట్లో సరుకు 25 లక్షలు, కొన్నది కోటి, అమ్మింది కోటి. 15 శాతం లాభం తీసేస్తే అమ్మిన సరుకు కొన్న ధర 85 లక్షలు. అంటే వరద రోజున గోడౌన్‌లో 40 లక్షల సరుకు ఉండాలి. బాగున్నవి 28 లక్షలు, తడిసినవి 12. తడిసిన చీరలు అమ్మితే 4 వస్తాయి, నష్టం 8. నలభైకి ముప్పైయే బీమా చేశారు కాబట్టి నష్టంలోనూ ముప్పావు వంతే, అంటే 6. ఆపైన పాలసీలో రాసిన కోత వేరే.

చిన్న వ్యాపారాల కోసం 2021 ఏప్రిల్ నుంచి ఉన్న భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీలో సరుకు విలువకంటే 15 శాతం దాకా తక్కువకు బీమా చేసినా ఈ కోత వేయరు. 34 లక్షలకు చేసి ఉంటే ఆ 15 శాతంలోనే ఉండేవారు, 8 లక్షలూ లెక్కలోకి వచ్చేవి. దీపావళికి, పెళ్లిళ్ల సీజనుకు సరుకు పెరుగుతుంది, పాలసీ మొత్తాన్నీ అప్పుడే పెంచుకోవాలి. ఇంకోటి, అమ్మడానికి వీల్లేకుండా నాశనమైన సరుకు మీద తీసుకున్న జీఎస్టీ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుకు వచ్చిన మినహాయింపు) వెనక్కి కట్టాలి. ఆడిటర్‌ని అడిగి ఆ భారాన్ని కూడా పాలసీ మొత్తంలో కలుపుకోండి.

గోడ మీద నీటి గీత చెరపకండి. తడిసిన కట్టలు విడిగా పెట్టి అంగుళం కూడా వదలకుండా ఫొటోలు తీయండి. కంపు భరించలేక ఊడ్చి పారబోస్తే, పోయిన సరుకు ఎంతో చూపించడానికి మీ దగ్గర పుస్తకాలు తప్ప ఏమీ మిగలదు.

ప్రశ్న: సర్వేయర్ రిపోర్టు నచ్చకపోతే?

జవాబు: ముందు ఆ రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి, అది మీ హక్కు. సర్వే రిపోర్టే ఆఖరి మాట కాదని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది. అభ్యంతరం లైను లైనుగా, బిల్లులు జోడించి కంపెనీకి రాతపూర్వకంగా పంపండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోపు తేనాంపేటలోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) ఆఫీసుకు వెళ్లవచ్చు. 50 లక్షల దాకా క్లెయిములు చూస్తారు. సొంత పేరు మీద నడిపే దుకాణాలూ, సూక్ష్మ సంస్థలూ కూడా వెళ్లవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.