టెక్ సందేహాలు: అంచెల లెక్కను కోడ్‌లో అతికించవద్దు

ప్రశ్న: మా సంస్థ విభాగాల వివరాలను గ్రాఫ్ డేటాబేస్‌లో (విషయాలను, వాటి మధ్య సంబంధాలను నిల్వ చేసే డేటాబేస్) ఉంచాము. ఒక విభాగం కింది ఉపవిభాగాలను అడిగితే పై విభాగాలు, పక్క విభాగాలు కూడా వస్తున్నాయి. ఒక్కోసారి జవాబే రావడం లేదు. ఎన్ని అంచెలు చూపాలో వాడుకరే ఎంచుకుంటారు. లోపం ఎక్కడ ఉంది?

జవాబు: మీ సైఫర్ (గ్రాఫ్ డేటాబేస్‌ను ప్రశ్నించే భాష) క్వెరీలో, అంటే డేటాబేస్‌ను అడిగే వాక్యంలో, సంబంధానికి బాణం గుర్తు లేదు. దిశ చెప్పనప్పుడు డేటాబేస్ తల్లి నోడ్‌కు (నోడ్ అంటే గ్రాఫ్‌లోని ఒక బిందువు; ఇక్కడ ఒక విభాగం) ఎక్కి, అక్కడినుంచి తోబుట్టువుల మీదికి దిగుతుంది. ఇందుకు విరుగుడుగా కొందరు ఎదురెదురుగా రెండు సంబంధాలు నిల్వ చేస్తారు. ఒకే సంబంధాన్ని ఎటునుంచైనా చదవగలిగినప్పుడు అది వృథా శ్రమ. పైగా ఒకదాన్ని మార్చి రెండోదాన్ని మరచిపోవడం ఖాయం.

జవాబు రాకపోవడానికి కారణం, ఎన్ని అంచెలు వెళ్లాలో చెప్పే నక్షత్రం గుర్తు (*) పక్కన గరిష్ఠ పరిమితి లేకపోవడమే. ఒక ఉపవిభాగం రెండు విభాగాల కిందికి వస్తే అది ఇక చెట్టు (ప్రతి నోడ్‌కూ ఒకే తల్లి ఉండే నిర్మాణం) కాదు. మూలం కింద అంచెకు రెండేసి నోడ్‌లుండి, ప్రతి నోడూ కింది అంచెలోని రెండింటితోనూ కలిసి ఉంటే, 20 అంచెలకు నోడ్‌లు మొత్తం 41 మాత్రమే; చివరి అంచెకు చేరే దారులు మాత్రం 10,48,576. పరిమితి లేకపోతే వీటన్నిటినీ వెతకాల్సి వస్తుంది.

నన్ను నిజంగా కలవరపెట్టింది వేరొకటి. సైఫర్‌లో నక్షత్రం పక్కన రాసే అంకెను పారామీటరుగా (వాక్యంలో కలపకుండా విడిగా పంపే విలువగా) ఇవ్వడం కుదరదు కాబట్టి, వాడుకరి పంపిన విలువను మీరు నేరుగా క్వెరీ వాక్యంలో అతికించారు. డ్రాప్‌డౌన్‌లో అయిదు అంకెలే ఉన్నాయన్న ధైర్యం పనికిరాదు, ఎందుకంటే బ్రౌజర్ పంపే అభ్యర్థనను ఎవరైనా మార్చి పంపగలరు. అంకె స్థానంలో వచ్చిన వాక్యం మీ క్వెరీని మధ్యలోనే ముగించి, నోడ్‌లను తొలగించే ఆదేశాన్ని జతచేయవచ్చు. చదివే అనుమతి మాత్రమే ఉన్న ఖాతా వాడితే తొలగింపు ఆగుతుంది గాని చోరీ ఆగదు: వెబ్ చిరునామానుంచి సీఎస్వీ ఫైలు (కామాలతో విడదీసిన పట్టిక) తెచ్చే ఆదేశం అందుబాటులో ఉంటే, మీ సమాచారాన్ని ఆ చిరునామాలోనే ఇమిడ్చి బయటికి పంపవచ్చు. ఎస్‌క్యూఎల్ (పట్టికల డేటాబేస్‌లను ప్రశ్నించే భాష) విషయంలో ఇంత జాగ్రత్త పడేవారు గ్రాఫ్ అనగానే ఎందుకు నిశ్చింతగా ఉంటారో నాకు అర్థం కాదు.

వచ్చిన విలువను సర్వర్‌లో పూర్ణాంకంగా మార్చి, 1 నుంచి 6 లోపు లేకపోతే తిరస్కరించండి. విభాగం ఐడీని పారామీటరుగానే పంపండి. సంబంధం పేరును కూడా వాడుకరే ఎంచుకునేటట్లయితే, మీరు ముందే రాసిపెట్టుకున్న జాబితాలో ఉన్న పేరును మాత్రమే అనుమతించండి.