జైరో పెట్టినా విమానం ఎందుకు వణుకుతోంది?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. దాళ్వా కోతలయ్యాక ఖాళీ అయిన చేలల్లో రిమోట్ విమానం ఎగరేస్తుంటాను. ఫోముతో చేసిన శిక్షణ విమానం, రెక్కల నిడివి 1.2 మీటర్లు. పొద్దున్నే బాగా ఎగురుతుంది కాని, సముద్రపు గాలి మొదలయ్యాక కొబ్బరితోట పక్కకు రాగానే ఒక రెక్క విసురుగా వాలిపోతుంది. అందుకని విమానం తిరుగుడును పసిగట్టి దిద్దే చిన్న పరికరం, మూడు అక్షాల జైరో అమర్చాను. కుదుపులు తగ్గాయి, కాని థ్రాటిల్ పూర్తిగా పెంచితే రెక్కలు గడగడ వణుకుతున్నాయి. మొన్న దించుతుండగా స్థితిని పట్టి ఉంచే మోడ్‌లో ముక్కు దించకుండానే మెల్లగా ఆగినట్లయి, ఒక పక్కకు కూలింది. జైరో పాడైందా?

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి జైరో తన పని తాను చేస్తూనే ఉంది. ఆ పనిని మీరు ఎక్కడ, ఎంత మోతాదులో అప్పగించారన్నదే చూడాలి.

ముందు వణుకు సంగతి. జైరోకు తెలిసింది ఒక్కటే, విమానం ఏ అక్షం చుట్టూ ఎంత వేగంగా తిరుగుతోందో. ఆ తిరుగుడుకు ఎదురుగా రెక్కల వెనక అంచున కదిలే పలక ఎయిలెరాన్‌నో, తోక మీది అడ్డ పలక ఎలివేటర్‌నో, నిలువు పలక రడ్డర్‌నో కదుపుతుంది. ఎంత కదపాలో నిర్ణయించేది గెయిన్. అయితే గాలివేగం రెట్టింపయితే, అంతే కదలికకు ఎయిలెరాన్ చూపే బలం సుమారు నాలుగు రెట్లవుతుంది. నెమ్మదిగా వెళ్లేటప్పుడు సరిపోయిన గెయిన్ పూర్తి వేగంలో అతి అవుతుంది. దిద్దుబాటు హద్దు దాటి విమానం అవతలి పక్కకు ఒరుగుతుంది, దాన్ని దిద్దబోయి మళ్లీ ఇవతలికి వస్తుంది, మీకు కనిపించే వణుకు అదే. గెయిన్‌ను ట్రాన్స్‌మిటర్ మీది తిప్పుడు బొత్తానికి కలుపుకొని, మీరు ఎగరేసే గరిష్ఠ వేగంలో తక్కువ నుంచి కొద్దికొద్దిగా పెంచండి. వణుకు తొంగిచూసిన చోట ఆగి, అక్కడి నుంచి కాస్త వెనక్కి తగ్గించండి. అప్పటికీ పోకపోతే సర్వో (పలకలను కదిపే చిన్న మోటారు) చేతికీ కడ్డీకీ మధ్య వదులు ఉందేమో, ప్రొపెల్లర్ తూకం తప్పిందేమో, జైరో కింద అతికించిన టేపు ఊడిందేమో చూడండి.

కూలిన సంగతి ఇంకా ముఖ్యం. థ్రాటిల్ తగ్గించగానే మామూలు విమానం తనంతట తాను ముక్కు దించి వేగాన్ని నిలుపుకుంటుంది. స్థితిని పట్టి ఉంచే మోడ్ దాన్ని జరగనివ్వదు. ముక్కు దిగకుండా ఎలివేటర్‌ను పైకి, ఇంకా పైకి లాగుతూ, రెక్కలకు గాలి పట్టు తప్పే దాకా తీసుకుపోతుంది. ఆపైన ఒక రెక్క వాలితే, జైరో ఆ పక్క ఎయిలెరాన్‌ను కిందికి దించుతుంది. పట్టు తప్పబోతున్న రెక్కకు అది మేలు చేయకపోగా, ఉన్న పట్టును కూడా పోగొట్టవచ్చు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తిరుగుడును మాత్రమే అడ్డుకునే మామూలు రేటు మోడ్‌లోనే ఉండండి.

జైరో అమర్చక ముందు విమానం సరిగ్గా ఎగిరేదా అన్నది మీరు రాయలేదు. గురుత్వ కేంద్రం వెనక్కి జరిగిన విమానానికి జైరో పెట్టడమంటే జ్వరానికి తడిగుడ్డ వేసి మందు మానేయడమే. జైరో ఆపి ఎగరేసి, స్టిక్కు వదిలినా తిన్నగా పోయేలా ట్రిమ్ చేయండి. దిగాక ఆ ట్రిమ్‌ను కడ్డీల పొడవులోనే సర్దండి. ఆ తరవాతే జైరో వేయండి.

ఎగరేసే ప్రతిసారీ గట్టు మీద చేయవలసిన పరీక్ష ఒకటుంది. ముందు స్టిక్కులు కదిపి, పలకలు చెప్పినట్టు వింటున్నాయో లేదో చూడండి. తప్పితే ట్రాన్స్‌మిటర్‌లో దిశ మార్చండి. ఆపైన విమానాన్ని వెనక నుంచి పట్టుకొని కుడి రెక్కను చటుక్కున కిందికి వంచండి, కుడి ఎయిలెరాన్ కిందికి రావాలి. ముక్కు ఎత్తితే ఎలివేటర్ కిందికి రావాలి. ముక్కును కుడికి తిప్పితే రడ్డర్ ఎడమకు పోవాలి. రేటు మోడ్‌లో ఆ కదలిక తిప్పుతున్నంత సేపే ఉంటుంది కనుక మెల్లగా వంచితే ఏమీ కనిపించదు. ఇక్కడ తప్పు కనిపిస్తే మార్చవలసింది జైరోలో, ట్రాన్స్‌మిటర్‌లో కాదు. ఒకసారి జైరోను తిరగేసి అతికించి, ఈ పరీక్ష మరిచి ఎగరేసినందుకు నా విమానం చేయి వదలగానే బోర్లా తిరిగి రొయ్యల చెరువులో పడింది. దాన్ని తీయడానికి చెరువు రైతు ఏరేటర్లు ఆపవలసివచ్చింది, ఆయన అన్న మాటలు ఇక్కడ రాయలేను.

కొబ్బరితోట విషయానికొస్తే, గాలి చెట్ల వరుసను దాటాక కిందికి విరిగి సుడులు తిరుగుతుంది, ఆ అలజడి చెట్ల ఎత్తుకు ఎన్నో రెట్ల దూరం దాకా ఉంటుంది. తోటకు గాలి వచ్చే వైపునే ఎగరేయండి.

ప్రశ్న: జైరో లోపల నిజంగా బొంగరం తిరుగుతుందా? బ్యాటరీ కలిపాక విమానాన్ని కదపవద్దని ఎందుకు అంటారు? (నరసాపురం నుంచి ఒక విద్యార్థి)

జవాబు: ఒకప్పుడు తిరిగేది. 1914లో పారిస్ దగ్గర అమెరికా వైమానికుడు లారెన్స్ స్పెర్రీ తన విమానంలో రెండు చేతులూ పైకెత్తి, మెకానిక్‌ను రెక్క మీదికి నడిపించి చూపినప్పుడు, విమానాన్ని సమంగా నిలిపింది గిర్రున తిరిగే జైరోలే. నేటి చిప్పులో తిరిగేది లేదు, కంపించే సన్నని సిలికాన్ ముక్క ఉంటుంది. విమానం తిరిగితే ఆ కంపనం పక్కకు తప్పుతుంది, చిప్పు దాన్ని కొలుస్తుంది. 1996 నవంబరులో కోనసీమ కొబ్బరిని నేలకూల్చిన తుపాను అపసవ్య దిశలో సుడి తిరగడానికి కారణమైన కొరియోలిస్ ప్రభావమే (తిరిగేదాని మీద కదిలేది పక్కకు తప్పడం) ఇక్కడా పనిచేస్తుంది.

ఈ చిప్పు కదలకుండా ఉన్నప్పుడు కూడా సున్నా చూపదు, ఏదో ఒక చిన్న అంకె చూపుతుంది. బ్యాటరీ కలిపిన మొదటి కొద్ది సెకన్లలో జైరో ఆ అంకెనే సున్నాగా గుర్తు పెట్టుకుంటుంది. అప్పుడు విమానం చేతిలో ఊగితే ఆ ఊపునే నిశ్చలమనుకొని, గాలిలో లేని తిరుగుడును దిద్దబోతుంది. కాబట్టి గట్టు మీద పెట్టి బ్యాటరీ కలపండి. ఆ అంకె వేడిని బట్టి కూడా మారుతుంది. కారులో ఏసీ చల్లదనం నుంచి ఏప్రిల్ ఎండలోకి తెచ్చిన విమానాన్ని కాసేపు నీడలో ఉంచి, ఆ తరవాతే బ్యాటరీ కలపండి.