మోటార్ గుర్రుమంటుంటే ముందు వేగం కొలత చూడు

చిరంజీవి లలితకు, పెదనాన్న ఆశీస్సులు.

ఒంటి కీలు రోబో చేతిని మోటార్‌తో తిప్పడానికి స్లైడింగ్ మోడ్ నియంత్రణ ఎంచుకున్నావు, మంచిదే. కోణం మారేకొద్దీ బరువు లాగే టార్క్ (తిప్పే బలం) మారిపోతుంది కాబట్టి, ఒకచోట ట్యూన్ చేసిన పీఐడీ (మామూలుగా వాడే నియంత్రణ పద్ధతి) ఇంకోచోట అదే పట్టు చూపదు. స్లైడింగ్ మోడ్‌లో ఎస్ అంటే, కోణంలోని తప్పుని లాంబ్డా రెట్లు చేసి వేగంలోని తప్పుకి కలిపిన సంఖ్య. దాని గుర్తు ప్లస్సా మైనస్సా చూసి, కె అనే గెయిన్ అంత టార్క్‌తో దాన్ని సున్నాకి నెడతాం.

ఆ గెయిన్ కాగితం మీదే తేల్చుకో. 0.3 కిలోల బరువు 25 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, చెయ్యి అడ్డంగా ఉన్నప్పుడు 0.74 న్యూటన్ మీటర్లు. అది తెలిసిందే కాబట్టి మోడల్‌తోనే (చేతి లెక్క సూత్రంతోనే) ఇచ్చెయ్యి. కె అన్నది తెలియని భాగానికే: బరువు అంచనాలో 20 శాతం తేడాకి 0.15, రాపిడికి 0.05, ఎస్‌ని సున్నాకి లాగడానికి 0.1. మొత్తం 0.3. చెయ్యి జోరుగా తిరగాలంటే జడత్వం అంచనాలోని తేడా కూడా కలుపు. ఎందుకైనా మంచిదని 3 పెట్టేవాళ్లున్నారు. వాళ్ల గేర్ల పళ్లు ఎక్కువకాలం ఉండవు.

అసలు తంటా వేగం దగ్గర. కీలుకి బిగించిన 600 పల్స్‌ల ఎన్‌కోడర్‌ని (కోణం కొలిచే సెన్సార్‌ని) నాలుగింతలు చదివితే చుట్టుకి 2400 కౌంట్లు, అంటే కౌంట్‌కి 0.15 డిగ్రీ. మిల్లీసెకనుకోసారి తేడా తీస్తే, ఒక్క కౌంట్ ఊగినా కోడ్‌కి అది సెకనుకి 150 డిగ్రీల వేగం! చెయ్యి కదలకపోయినా ఎస్ గుర్తు మారుతూనే ఉంటుంది, మోటార్ గుర్రుమంటుంది. కె ఎంత తగ్గించినా ఆ మోత పూర్తిగా పోదు. తక్కువ వేగాల్లో పల్స్‌కీ పల్స్‌కీ మధ్య సమయాన్ని టైమర్‌తో కొలువు. 50 హెర్ట్జ్ ఫిల్టర్ పెట్టినా సరే, కానీ 3 మిల్లీసెకన్ల ఆలస్యం మీద పడుతుంది. కొలత నుంచి మోటార్ దాకా మొత్తం ఆలస్యాన్ని సెకన్లలో మూడింతలు చేసి, ఒకటిని దానితో భాగిస్తే వచ్చేదానికంటే లాంబ్డా తక్కువుండాలి: 5 మిల్లీసెకన్లయితే 66 లోపు. 10తో మొదలుపెట్టు.

ఇదంతా అయ్యాకే సిగ్నమ్ (ఎస్ గుర్తు మారగానే ఒక్కసారిగా తిరగబడేది) తీసి సాచురేషన్ (సున్నా చుట్టూ ఒక పొరలో మెల్లగా మారేది) పెట్టు. పొర మందం 0.5, లాంబ్డా 10 అయితే 0.05 రేడియన్ల దాకా, అంటే దాదాపు 3 డిగ్రీల తప్పు మిగలొచ్చు. అది కుదరదంటే సూపర్ ట్విస్టింగ్ (మోటార్‌కి గెంతులు లేని ఆజ్ఞ ఇచ్చే స్లైడింగ్ మోడ్ రకం) ఉంది. కానీ దిశ మారేచోట రాపిడి ఒక్కసారిగా గెంతుతుంది, సూపర్ ట్విస్టింగ్ గెయిన్ల లెక్క అక్కడ నిలవదు.

ఒకేసారి 90 డిగ్రీల ఆజ్ఞ ఇవ్వకు, మోటార్ డ్రైవర్ (మోటార్‌కి కరెంటు ఇచ్చే బోర్డు) హద్దుకి కొట్టుకుంటుంది. అర సెకను వంపుగా పెంచు. గేర్లలో సందు ఉంటే టకటకలాడుతుంది, దానికి కోడ్‌లో మందు లేదు.

కరెంటు పరిమితి పెట్టుకునే నడుపు. ఎస్, వేగం, కరెంటు మూడూ ఒకే గ్రాఫ్‌లో పంపు. ఎస్ ఒక్కటే పంపితే నేనేమీ చెప్పలేను.