ఆఫీసులో ఫొటోగ్రఫీ క్లబ్: పాఠకులు అడిగారు, మేం చెబుతున్నాం

ప్రశ్న: మా ఆఫీసులో ఫొటోగ్రఫీ క్లబ్ పెడదామంటే 20 మంది చేతులెత్తారు. డీఎస్‌ఎల్‌ఆర్ ఉన్నది ముగ్గురికే, మిగతావాళ్లవి ఫోన్లు. దేనితో మొదలుపెట్టాలి?

జవాబు: చేతులెత్తిన 20 మందిలో ఎనిమిది మంది వస్తారనుకుని ఏర్పాట్లు చేసుకోండి. ఎక్కువమంది వస్తే సంతోషమే. ఫోన్ ఉన్నవాళ్లూ కెమెరా ఉన్నవాళ్లూ ఒకే క్లబ్‌లో ఉండాలి. రెండు జట్లుగా విడదీశారంటే కెమెరా జట్టు లెన్సుల గురించి మాట్లాడుకుంటూ కూర్చుంటుంది, ఫోన్ జట్టు రెండో నెలకే రావడం మానేస్తుంది.

ముందుగా హెచ్‌ఆర్‌కు ఒక పేజీ ఉత్తరం రాయండి. ఏ రోజు, ఏ గది, ఎంతసేపు అన్నది చెప్పి, డబ్బేమీ అడగడం లేదని కూడా రాయండి. ఆఫీసులో ఏయే చోట్ల ఫొటోలు తీయకూడదో రాతపూర్వకంగా అడిగి తెచ్చుకోండి. కంప్యూటర్ తెరలు, వైట్‌బోర్డులు, మెడలో ఐడీ కార్డులు, సందర్శకుల రిజిస్టర్... ఇవి మనకు తెలియకుండానే ఫ్రేములోకి వచ్చేస్తాయి. హెచ్‌ఆర్ ఇచ్చిన జవాబు కాపీ ఒకటి సెక్యూరిటీ వాళ్లకీ ఇవ్వండి. లేకపోతే ట్రైపాడ్ పట్టుకుని కనిపించిన మొదటి రోజే గేటు దగ్గర ఆపేస్తారు.

మొదటి సమావేశానికి 45 నిమిషాలు చాలు. ఒక్కొక్కరు మూడు ఫొటోలు తేవాలి. ఎనిమిది మందికి 24 ఫొటోలు, ఒక్కోదానికి నిమిషంన్నర చొప్పున 36 నిమిషాలు. మిగిలిన తొమ్మిది నిమిషాలు ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసమూ, ప్రొజెక్టర్ కేబుల్ వెతకడానికీ! అపెర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం), షట్టర్ (వెలుతురు ఎంతసేపు పడాలో తేల్చేది) పాఠాలు ఆ రోజు వద్దు. ఫొటో తేకుండా వచ్చినవాళ్లు చూడవచ్చు గానీ, మూడోసారి కూడా ఖాళీ చేతులతో వస్తే మర్యాదగానే అడగండి.

ప్రశ్న: ఏ ఫొటో వేసినా అందరూ ‘సూపర్’ అంటారు. ఒకాయన మాత్రం తప్పులు పడతారు. ఆయన మాటలకు నొచ్చుకుని ఇద్దరు రావడం మానేశారు. ఏం చేయమంటారు?

జవాబు: క్లబ్ నిలబడేదీ కూలేదీ ఇక్కడే. ‘బాగుంది’, ‘బాగాలేదు’ అన్న రెండు మాటల్నీ సమావేశం గదిలో నిషేధించండి. ఫొటోలకు పేర్లు వద్దు, 1 నుంచి 24 దాకా అంకెలు వేయండి. అది మేనేజర్‌గారి ఫొటో అని తెలిస్తే గదంతా మెచ్చుకోలే వినిపిస్తుంది. అంకె మాత్రమే ఉంటే నోళ్లు కాస్త తెరుచుకుంటాయి. పై హోదాలో ఉన్నవాళ్లు ఎప్పుడూ చివర మాట్లాడాలి.

ఫొటో తెరమీదికి వచ్చాక పది సెకన్లు ఎవరూ మాట్లాడకుండా చూడాలి. తర్వాత ఒకే ప్రశ్న: ‘మీ కన్ను మొదట ఎక్కడికి వెళ్లింది?’ ముఖం ఉంటే కన్ను ముఖం మీదికి పోతుంది. లేదంటే బాగా వెలుగున్న చోటికి, అక్షరాలున్న చోటికి, ఎర్రరంగు మీదికి పోతుంది. పిల్లవాడి నవ్వు కోసం తీసిన ఫొటోలో నలుగురి కళ్లూ వెనకున్న తెల్లటి కిటికీ మీదికి పోయాయంటే లోపం ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు, తీసినవాళ్లకే తెలిసిపోతుంది.

లోపం చెప్పదలచుకున్నవాళ్లు సవరణ కూడా చెప్పి తీరాలి. ‘స్తంభం అడ్డొచ్చింది’ అంటే చాలదు. ‘రెండడుగులు ఎడమకు జరిగి ఉంటే స్తంభం తల వెనక నుంచి తప్పుకునేది’ అనాలి. మీరు చెప్పిన ఆ ఒకాయనకు బహుశా ఈ నియమం ఒక్కటే కావాలి. అలాంటివాళ్ల కన్ను చురుకైనది, వదులుకోకండి. తీసినవాళ్లు అందరూ చెప్పాకే నోరు విప్పాలి. ముందే ‘అప్పుడు వెలుతురు లేదండీ’ అని మొదలుపెడితే చర్చ సంజాయిషీగా మారిపోతుంది. మార్కులు, మొదటి బహుమతులు మాత్రం వద్దే వద్దు.

ప్రశ్న: ఫోన్లో చక్కగా ఉన్న ఫొటోలు ప్రొజెక్టర్ మీద వెలిసిపోయినట్టు, మసకగా కనిపిస్తున్నాయి. కొన్ని అసలు తెరుచుకోవడమే లేదు.

జవాబు: ఇవి మూడు వేర్వేరు సమస్యలు. మసకదనం చాలావరకు వాట్సాప్ వల్ల. అందులో ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే అసలు ఫైలే వెళుతుంది. అయితే లొకేషన్ ఆన్‌లో పెట్టి తీసిన ఫొటో అయితే, ఎక్కడ తీశారో ఆ వివరం కూడా ఫైలుతో పాటే వెళ్లిపోతుంది. ఇంట్లో తీసినవి పంపేముందు లొకేషన్ తీసేయండి. ఆఫీసు అనుమతించే ఉమ్మడి ఫోల్డర్ ఉంటే అన్నిటికన్నా అదే మేలు.

తెరుచుకోనివి హెచ్‌ఈఐసీ (కొన్ని ఫోన్లు వాడే ఫొటో ఫార్మాట్) ఫైళ్లయి ఉంటాయి. ఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో జేపెగ్‌కు మార్చుకోమనండి. తెర 1920×1080 అయితే పొడవు వైపు 1920 పిక్సెళ్లున్న కాపీ చాలు. అసలు ఫైలు మాత్రం దాచుకోవాలి, ప్రింటుకు కావాలి. కెమెరాలో అడోబ్ ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతి ఎంచుకున్నవాళ్ల రంగులు చాలా కంప్యూటర్లలో చప్పగా కనిపిస్తాయి. కాపీ చేసేటప్పుడు మామూలు తెరలు వాడే ఎస్‌ఆర్‌జీబీకి మార్చాలి.

ఇక వెలిసిపోవడం: గదిలో లైట్లు ఆర్పి, కర్టెన్లు వేసి చూడండి. ప్రొజెక్టర్‌లో ప్రెజెంటేషన్ మోడ్ తీసేసి సినిమా లేదా ఎస్‌ఆర్‌జీబీ మోడ్ పెట్టండి. పదిమందిలోపే అయితే ప్రొజెక్టర్ మానేసి మంచి మానిటర్ చుట్టూ కూర్చోవడం నయం.

ప్రశ్న: క్లబ్ పెట్టిన దగ్గర్నుంచి ఆఫీసులో ప్రతి ఫంక్షన్‌కూ మమ్మల్నే ఫొటోలు తీయమంటున్నారు. కాదనలేకపోతున్నాం. పైగా హాల్లో తీసిన ఫొటోల్లో నల్లటి చారలు వస్తున్నాయి.

జవాబు: కాదనకండి, హద్దు పెట్టండి. ఏడాదికి ఇన్ని కార్యక్రమాలు, ఒక్కోదానికి ఇద్దరు, ఆ సమయం పని గంటల్లో లెక్క, ఫొటోలు ఎక్కడ వాడతారో ముందే చెప్పాలి, తన ఫొటో వద్దన్నవాళ్లది తీసేయాలి. ఈ ఐదూ మెయిల్లో ఉండాలి. నోటిమాటగా ఒప్పుకుంటే ఆరు నెలల్లో క్లబ్ పోయి ఉచిత ఫొటో స్టూడియో మిగులుతుంది.

చారలకు కారణం లైట్లు. కరెంటు 50 హెర్ట్‌జ్ అయితే చాలా లైట్లు సెకనుకు 100 సార్లు వెలుగు హెచ్చుతూ తగ్గుతూ ఉంటాయి. అది కంటికి తెలియదు గానీ, సెకనులో 1/500 వంతు లాంటి షట్టర్ వేగంలో, ముఖ్యంగా చప్పుడు లేకుండా తీసే సైలెంట్ షట్టర్‌లో, ఆ హెచ్చుతగ్గులు చారలుగా పడతాయి. షట్టర్ 1/100 లేదా 1/50 పెట్టండి. 60 హెర్ట్‌జ్ ఉన్నచోట 1/120 లేదా 1/60. సైలెంట్ షట్టర్ ఆపేయండి. కొన్ని ఎల్‌ఈడీల మినుకు ఈ లెక్కకు అందదు. చిన్న సర్దుబాట్లతో వరసగా నాలుగైదు తీసి చూసుకోవాలి. 1/100 దగ్గర కదిలే చెయ్యి చెదురుతుంది కాబట్టి, జ్ఞాపిక అందుకునేవాళ్లను రెండు సెకన్లు అలాగే నిలబడమని అడగండి. ఫ్లాష్ ఉంటే ముఖం మీదికి కొట్టకుండా తెల్లటి సీలింగు వైపు తిప్పండి. సీలింగు మరీ ఎత్తుగా ఉన్నా, నల్లగా ఉన్నా ఈ ఉపాయం పనిచేయదు.

ప్రశ్న: నాలుగు నెలలకే ఉత్సాహం తగ్గింది. ‘ప్రకృతి’, ‘పండుగ’ అని అంశాలిస్తున్నా ఫొటోలు రావడం లేదు.

జవాబు: అంశం మరీ విశాలంగా ఉంది. ప్రకృతి అనగానే సెలవు దొరికితే ఎక్కడికైనా వెళ్లి తీద్దామని వాయిదా పడుతుంది. ఆఫీసుకు వస్తూ పోతూ తీయగలిగినవి ఇవ్వండి: ఒకే కిటికీ మూడు వేళల్లో, నీడలు మాత్రమే, ముఖం లేకుండా మనిషి, మెట్లు. గడువు రెండు వారాలు. నెల ఇస్తే మొదటి మూడు వారాలు ఎవరూ ముట్టుకోరు.

ప్రశ్న: ఏడాది చివర కారిడార్‌లో ప్రదర్శన పెట్టాలని ఉంది. ఫోన్ ఫొటోలు ఎంత పెద్ద ప్రింటుకు ఆగుతాయి?

జవాబు: అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన 8×12 అంగుళాల ప్రింటుకు 2400×3600 కావాలి. 12 మెగాపిక్సెల్ ఫోన్ 3000×4000 ఇస్తుంది, కాబట్టి హాయిగా సరిపోతుంది. 12×18 కూడా వేయవచ్చు, అప్పుడు అంగుళానికి 220 పిక్సెళ్ల చిల్లర వస్తాయి. రెండడుగుల దూరం నుంచి చూసేవాళ్లకు తేడా తెలియదు. జూమ్ చేసి తీసినవీ, రాత్రి తీసినవీ మాత్రం చిన్నగానే వేయండి.

ఒక చిక్కుంది. పొడవు వెడల్పుల నిష్పత్తి ఫోన్ ఫొటోకు 4:3, ఈ ప్రింటు సైజులకు 3:2. పొట్టి వైపు కొలతలో తొమ్మిదో వంతు కోతపడుతుంది. ఎక్కడ కోయాలో మీరే నిర్ణయించి ఇవ్వండి, ల్యాబ్‌కు వదిలేస్తే తలలు పోతాయి. మానిటర్ వెలుగు ఎక్కువగా పెట్టుకుని దిద్దిన ఫొటోలు కాగితం మీద నల్లబడతాయి కాబట్టి, అన్నీ ఇచ్చేముందు రెండు మూడు చిన్న సైజులో వేయించి చూసుకోండి. ట్యూబ్‌లైట్ల కింద గ్లాసీ కాగితం అద్దంలా మెరుస్తుంది, మెరుపు లేని మ్యాట్ కాగితం తీసుకోండి. 5 మిల్లీమీటర్ల ఫోమ్ బోర్డు మీద అంటించి, ఫొటో మధ్యభాగం నేల నుంచి 145–150 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా వేలాడదీయండి. డబుల్ టేపుతో గోడకు అంటిస్తే తీసేటప్పుడు సున్నం పెచ్చు ఊడొస్తుంది, వచ్చే ఏడాది అనుమతి కూడా దాంతోపాటే ఊడుతుంది.