జర్మనీలో ఆస్‌బిల్డుంగ్ (పని చేస్తూ నేర్చుకునే వృత్తి శిక్షణ) చేస్తూ పాపకి డేకేర్ సీటు దొరుకుతుందా?

గుంటూరులో జర్మన్ నేర్చుకుంటున్న ఒకావిడ అడిగారు, నర్సింగ్ ఆస్‌బిల్డుంగ్‌కి వెళ్తే రెండేళ్ల పాపని ఎక్కడ వదలాలి అని.

హక్కయితే ఉందండీ. 2013 ఆగస్టు 1 నుంచి, ఏడాది నిండిన బిడ్డకి కీటా అనే డేకేర్‌లో గానీ, ఇంట్లో నలుగురైదుగురు పిల్లల్ని చూసుకునే టాగెస్‌ముట్టర్ దగ్గర గానీ చోటివ్వాలని అక్కడి చట్టం. కానీ హక్కు వేరు, సీటు వేరు. బ్రాడీపేటలో ప్లేస్కూలుకి ఫీజు కట్టి మర్నాడే పంపినట్టు కుదరదు, పెద్ద ఊళ్లలో అన్నీ వెయిటింగ్ లిస్టులే, అందుకే ఊరు ఖాయమవగానే నాలుగైదు కీటాల్లో పేరు రాయించి, యూగెండ్‌ఆమ్ట్ అనే పిల్లల సంక్షేమ ఆఫీసుకి కాగితం మీదే అర్జీ పెట్టండి. సీటు రాకపోతే పోరాడటానికి అదే ఆధారం.

అసలు టెన్షన్ షిఫ్టులతో. ఉదయం డ్యూటీ ఆరింటికి మొదలైతే చాలా కీటాలు ఏడింటికి గానీ తెరవరు. కాంట్రాక్టు మీద సంతకం పెట్టకముందే ట్రైనింగ్ ఇచ్చేవాళ్లని ఇది అడగండి, మొహమాటపడొద్దు. వాళ్లు ఒప్పుకుంటే పార్ట్‌టైమ్‌గా కూడా చేయొచ్చు, కాకపోతే మూడేళ్ల కోర్సు ఐదేళ్ల దాకా సాగొచ్చు. ఇంకోటి, పాప అలవాటు పడేదాకా మొదటి కొన్ని వారాలు మిమ్మల్ని పక్కనే ఉండమంటారు, కాబట్టి ట్రైనింగ్ మొదలయ్యే రోజే చేర్పిద్దామనుకోకండి.