క్రికెట్ వద్దు, కబడ్డీ పట్టుకోండి: స్కోరింగ్ యాప్ చేస్తున్న విద్యార్థినికి జవాబు

ప్రశ్న: తిరుపతిలో బీటెక్ సీఎస్ఈ మూడో ఏడాది చదువుతున్నాను. ఇద్దరు స్నేహితులతో కలిసి మ్యాచ్ స్కోరు రాసే ఆండ్రాయిడ్ యాప్ తయారుచేశాం. ఇప్పటికి బ్యాడ్మింటన్, వాలీబాల్‌కు పనిచేస్తోంది. కాలేజీలో కొందరు వాడుతున్నారు. తర్వాత ఏ ఆట చేర్చాలో తేలడం లేదు. ఒకరు క్రికెట్ అంటారు, ఇంకొకరు ఒకేసారి పది ఆటలు పెట్టేద్దాం అంటారు. నాన్నేమో ఇదంతా ఆపి ప్లేస్‌మెంట్ పరీక్షలకు చదువుకోమంటున్నారు. ఏం చేయాలి?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: ముందు క్రికెట్ సంగతి తేల్చేద్దాం. వద్దు. గల్లీ మ్యాచ్‌లకు కూడా క్రిక్‌హీరోస్ లాంటి యాప్‌లు వాడటం ఇప్పటికే అలవాటైపోయింది. ఆటగాడి పరుగులు, వికెట్లు, సగటు అన్నీ ఏళ్ల తరబడి అక్కడ పేరుకుని ఉంటాయి. వాటిని వదులుకుని కొత్త యాప్‌కు ఎవరొస్తారు? పైగా క్రికెట్ స్కోరింగ్ బయటికి కనిపించినంత తేలిక కాదు. నోబాల్ మీద రనౌట్, బైలు, రిటైర్డ్ హర్ట్, వాన పడితే ఓవర్ల కుదింపు... ముగ్గురు విద్యార్థులకు ఏడాది పని. అంతా చేశాక ఇంటర్వ్యూలో "ఉన్నదాన్నే మళ్లీ ఎందుకు చేశారు?" అని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు.

"పది ఆటలు" అన్న స్నేహితుడి మాటలో మాత్రం సగం నిజం ఉంది. టేబుల్ టెన్నిస్, బాల్ బ్యాడ్మింటన్, త్రోబాల్, టెన్నికాయిట్ వంటివి మీరు ఇప్పటికే చేసిన రెండు ఆటలకు దగ్గరి చుట్టాలు. ఎన్ని పాయింట్లకు గేమ్, ఎంత తేడా ఉండాలి, గరిష్ఠ పరిమితి ఉందా, ఎన్ని గేములు, ఎప్పుడు కోర్టు మారాలి అన్న అంకెలు మారతాయి, అంతే. ఆ అంకెలను కోడ్‌లో కాకుండా విడిగా ఒక సెట్టింగుల ఫైల్‌లో పెట్టండి. ఎందుకంటే అవి మారుతూ ఉంటాయి. టేబుల్ టెన్నిస్ 2001లో 21 నుంచి 11 పాయింట్లకు వచ్చింది. బాల్ బ్యాడ్మింటన్‌లో ఒకప్పుడు గేమ్ 29 పాయింట్లకు, ఆ తర్వాత 35కు. బ్యాడ్మింటన్‌లోనూ 21కి బదులు 15 పాయింట్ల గేములను ప్రపంచ సమాఖ్య పరీక్షించి చూసింది. అంకె మారినప్పుడల్లా యాప్ కొత్త వెర్షన్ విడుదల చేయాల్సి వస్తే అలిసిపోతారు.

అంకెలు మారిస్తే చాలదనిపించే చోటు ఒకటుంది, సర్వీస్. బ్యాడ్మింటన్‌లో, వాలీబాల్‌లో ర్యాలీ గెలిచినవాళ్లదే సర్వీస్. టేబుల్ టెన్నిస్‌లో పాయింటు ఎవరిదైనా రెండేసి సర్వీసులు, 10-10 తర్వాత ఒక్కొక్కటి. కాబట్టి సర్వీస్ నియమాన్ని విడి భాగంగా రాయండి. ఇక బ్యాడ్మింటన్‌లో 29-29 దగ్గర తర్వాతి పాయింటుతోనే గేమ్ ముగుస్తోందా, వాలీబాల్ అయిదో సెట్ 15-14 దగ్గర ముగియకుండా సాగుతోందా అన్నవి ఒకసారి పరీక్షించి చూసుకోండి. ఈ చుట్టాల ఆటలన్నీ రెండు వారాంతాల పని. చేసేయండి, కానీ వాటిని గొప్పగా చెప్పుకోకండి.

అసలు తర్వాతి ఆట ఏదో తేల్చుకోవడానికి నాలుగు ప్రశ్నలు వేసుకుని, ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు మార్కులివ్వండి. మీరు బస్సెక్కి వెళ్లగలిగే దూరంలో వారం వారం ఈ ఆట మ్యాచ్‌లు జరుగుతాయా? ఆ మ్యాచ్‌లో స్కోరు రాయడానికే ఒక మనిషి కూర్చుంటారా? ఉన్న కోడ్ ఎంత పనికొస్తుంది? ఇప్పటికే జనం వాడే యాప్ లేకుండా ఉందా? వచ్చిన మార్కులను కూడకండి, గుణించండి. ఒక్కచోట సున్నా వచ్చినా ఆ ఆట పనికిరాదు, కూడితే ఆ సున్నా మరుగున పడిపోతుంది. క్రికెట్‌కు మొదటి రెండింటిలో మూడేసి వచ్చినా చివరి సున్నాతో మొత్తం సున్నా అయిపోతుంది. టేబుల్ టెన్నిస్‌కు 1, 1, 3, 2 ఇస్తే 6. కబడ్డీకి 3, 3, 1, 2 ఇస్తే 18. ఈ అంకెలు మా అంచనా. మీ ముగ్గురూ విడివిడిగా మార్కులు వేసి, తేడా వచ్చిన చోట వాదించుకోండి. ఆ వాదనే అసలు ఉపయోగం.

మన వైపు కబడ్డీకి లోటు లేదు. బడుల్లో స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ (ఎస్‌జీఎఫ్) ఎంపికలు మండలం నుంచి జిల్లా దాకా జరుగుతాయి, కాలేజీల మధ్య పోటీలుంటాయి, సంక్రాంతికి ఊళ్లలో టోర్నమెంట్లు పెడతారు. అన్నిచోట్లా గీతల పక్కన బల్ల వేసుకుని ఒకరు కాగితం మీద రాస్తూనే ఉంటారు. మీకు కావాల్సింది ఆ మనిషే. కూతకు వెళ్లే కుర్రాడూ కాదు, చూసేవాళ్లూ కాదు. స్కోరింగ్ యాప్‌లు ఎక్కువగా చతికిలబడేది ఇక్కడే. ఆటగాళ్లను అడిగి తయారుచేస్తారు, రాసేవాడికి అది చేతికి ఒదగదు.

కబడ్డీలో కష్టం ఎక్కడుందో తెలుసుకుని దిగండి. వాలీబాల్‌లో ఒక ర్యాలీకి ఒక జట్టుకు ఒక్క పాయింటు. కబడ్డీలో ఒకే రైడ్‌కు (ఒక్క కూతకు) రెండు జట్లకూ పాయింట్లు రావచ్చు: రైడర్ బోనస్ గీత దాటాక పట్టుబడితే అతని జట్టుకు బోనస్ 1, పట్టినవాళ్లకు 1. "ఈ రైడ్ ఎవరు గెలిచారు?" అని ఒకే బటన్ పెడితే మొదటి అయిదు నిమిషాల్లోనే యాప్ తప్పు చూపిస్తుంది. బోనస్ కూడా అవతల ఆరుగురు లేదా అంతకన్నా ఎక్కువ మంది ఉన్నప్పుడే చెల్లుతుంది. కాబట్టి మైదానంలో ఎవరెవరున్నారో యాప్‌కు ప్రతి క్షణం తెలిసి ఉండాలి.

అవుటైనవాళ్లు తిరిగి రావడం ఇంకో మెలిక. తాకినందుకు గానీ, పట్టినందుకు గానీ వచ్చిన ప్రతి పాయింటుకూ మనవాళ్లలో ముందు అవుటైనవాడు ముందు లోపలికొస్తాడు. బోనస్‌కు ఎవరూ రారు. ముగ్గురు లేదా అంతకన్నా తక్కువ మంది ఉండి రైడర్‌ను పడితే సూపర్ టాకిల్, రెండు పాయింట్లు. కానీ లోపలికొచ్చేది ఒక్కడే. అవతలివాళ్లంతా అవుటైతే లోనా, అదనంగా 2 పాయింట్లు, ఆ ఏడుగురూ తిరిగి వస్తారు. మిగిలిన ఒక్కడిని రైడర్ తాకి వచ్చాడనుకోండి, టచ్ 1, లోనా 2, మొత్తం 3. ఇలాంటి సందర్భాలు కనీసం ముప్పై రాసుకుని, కోడ్ మొదలుపెట్టకముందే జవాబులు కాగితం మీద వేయండి. మీ కాలేజీ పీడీ గారితో దిద్దించుకోండి.

వరసగా రెండు ఖాళీ (పాయింటు రాని) రైడ్‌ల తర్వాత వచ్చే డూ-ఆర్-డై రైడ్ (పాయింటు తేకపోతే రైడర్ అవుటే), సూపర్ టాకిల్ వంటి నియమాలు ఊరి టోర్నమెంట్లలో అన్నిచోట్లా పాటించకపోవచ్చు. పురుషులకు 20 నిమిషాల సగాలు రెండు, మహిళలకు 15 నిమిషాలవి. ఊళ్లో అయితే పొద్దు వాలుతోందని పది నిమిషాలకు కుదించినా కుదిస్తారు. అందుకని ఇవన్నీ మ్యాచ్ మొదట్లోనే ఎంచుకునేలా పెట్టండి. మీ యాప్ నిర్వాహకులతో "మీ ఆట తప్పు" అని వాదించకూడదు.

స్కోరును మొత్తంగా దాచకండి, జరిగినదాన్ని జరిగినట్టు వరసగా దాచండి. "14వ రైడ్, 7వ నంబర్ రైడర్, 3వ నంబర్‌ను తాకాడు" అని ఒక్కో నమోదు. వాటిని మొదటి నుంచి లెక్కిస్తే స్కోరు అదే వస్తుంది. అంపైర్ నిర్ణయం మార్చినప్పుడు ఒక నమోదు దిద్దితే మిగతాదంతా దానంతట అదే సర్దుకుంటుంది. మొత్తం మాత్రమే దాచితే రెండు రైడ్‌ల కిందటి తప్పు దిద్దడం అసాధ్యం, ఎందుకంటే అప్పటి నుంచి ఎవరు లోపలున్నారన్నదీ మారిపోయి ఉంటుంది.

టైమర్ విషయంలో చాలామంది చేసే తప్పు, సెకనుకొకటి తగ్గించుకుంటూ పోవడం. స్కోరర్‌కు ఫోన్ వచ్చినా, స్క్రీన్ ఆగినా ఆ లెక్క నిలిచిపోతుంది. మొదలైన క్షణాన్ని దాచుకుని ఇప్పటికి ఎంతైందో లెక్కగట్టండి. అది కూడా ఫోన్ తెర మీద కనిపించే, ఎవరైనా మార్చగలిగే సమయంతో కాకుండా, ఫోన్ ఆన్ అయినప్పటి నుంచి నడిచే ఆండ్రాయిడ్ లోపలి గడియారంతో. 30 సెకన్ల రైడ్ లెక్క మాత్రం అంపైర్ చేతిలోని స్టాప్‌వాచ్‌కే వదిలేయండి. అక్కడ అర సెకను తేడా వచ్చినా గొడవే.

నెట్ లేకపోయినా మ్యాచ్ పూర్తిగా నడవాలి, సిగ్నల్ వచ్చాక సర్వర్‌కు పంపాలి. ఎండలో కనబడేలా తెల్లని నేపథ్యం మీద నల్లని పెద్ద అంకెలు. చీకటి థీమ్ హాస్టల్ గదిలో అందం, మిట్టమధ్యాహ్నం మైదానంలో అద్దం. బటన్ల మీద తెలుగు ఉండాలి, కానీ "స్పర్శాంకం" లాంటి మాటలు వద్దు. టచ్, బోనస్, లోనా అని అక్కడ పలికేవే రాయండి.

ఖోఖో ఎందుకు చెప్పలేదంటారేమో. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన తొలి ప్రపంచకప్‌లో మన పురుషులు, మహిళలు ఇద్దరూ గెలిచారు, ఆసక్తి పెరిగింది. కానీ ముగ్గురేసి డిఫెండర్ల బృందాలు, ఎవరు ఎంతసేపు నిలిచారన్న సమయం, ఎవరు ఎలా అవుట్ చేశారన్నది అన్నీ నడుస్తున్న ఆటలోనే రాయాలి. ఒక మనిషి ఫోన్ మీద అది చేయలేడు. కబడ్డీ నిలదొక్కుకున్నాక, ఇద్దరు స్కోరర్లు ఒకే మ్యాచ్‌లో రాసే సౌకర్యం వచ్చాక చూడండి.

ఇప్పుడు పని వరస. మొదటి మూడు వారాలు కోడ్ ముట్టుకోకండి. ఎస్వీయూ తారకరామ స్టేడియం, శ్రీనివాస క్రీడా సముదాయం, వీలైతే చిత్తూరు మెసానికల్ మైదానం వైపు వెళ్లి పోటీలెప్పుడో కనుక్కోండి. జరిగే చోట స్కోరర్ పక్కన కూర్చుని వాళ్ల స్కోరు షీటును అనుమతి తీసుకుని ఫొటో తీసుకోండి. ఎక్కడ కొట్టివేతలున్నాయో చూడండి, యాప్ సాయం కావాల్సింది అక్కడే. తర్వాత మొదటి అయిదు మ్యాచ్‌లకు కాగితమూ యాప్ పక్కపక్కనే నడపండి. తేడా వస్తే కాగితమే గెలిచినట్టు. ప్లే స్టోర్‌లో కొత్త వ్యక్తిగత ఖాతా అయితే విడుదలకు ముందు కనీసం 12 మందితో 14 రోజులు ఆగకుండా క్లోజ్డ్ టెస్టింగ్ (ఎంచుకున్నవాళ్లకే యాప్ ఇచ్చి వాడించి చూడటం) చేయాలి. సంక్రాంతి టోర్నమెంట్లకు అందాలంటే నవంబరు చివరికే ఆ మెట్టు ఎక్కాలి.

ఒక హెచ్చరిక. బడి పిల్లల పేర్లు, ఫొటోలు, పుట్టినతేదీలు తీసుకోకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. జెర్సీ నంబరు, జట్టు పేరు చాలు.

నాన్నగారి మాట కొట్టిపారేయకండి. క్యాంపస్ డ్రైవ్‌లో మొదటి వడపోత రాతపరీక్షే, యాప్ ఉందని ఎవరూ దాన్ని దాటించరు. రోజూ గంటన్నర ఆప్టిట్యూడ్, కోడింగ్‌కు కేటాయించి, యాప్‌ను శని, ఆదివారాలకు పరిమితం చేయండి. పరీక్ష దాటి ఇంటర్వ్యూలో కూర్చున్నాక ఈ పని అక్కరకొస్తుంది. రెజ్యూమెలో "12 ఆటలకు స్కోరింగ్ యాప్" అని రాస్తే ఎవరికీ పట్టదు. "క్రికెట్‌ను ఎందుకు వదిలేశాం, కబడ్డీని ఎందుకు తీసుకున్నాం, ఎన్ని మ్యాచ్‌లు కాగితంతో సరిపోల్చాం, ఎన్ని తప్పులు దొరికాయి, ఎందుకు" అన్నవి ఒక పేజీలో ఉంటే, డెవలపర్ ఉద్యోగానికైనా, టెస్టింగ్‌కైనా, ప్రొడక్ట్ అనలిస్ట్‌కైనా మాట్లాడటానికి విషయం దొరుకుతుంది. ముగ్గురిలో ఎవరు ఏం చేశారో ఇప్పటి నుంచే రాసుకోండి. ఒకే ప్రాజెక్టును ముగ్గురూ "నేనే చేశాను" అని చెబితే, ఒకే రోజు ఒకే కంపెనీ ముందు కూర్చున్నప్పుడు ఇబ్బంది మీకే.