నిద్ర రావట్లేదు, మతిమరుపు కూడా మొదలైంది... వైరస్ మెదడుకెక్కిందంటారా?

ప్రశ్న: నాకు 63 ఏళ్లు డాక్టరు గారూ. హెచ్‌ఐవీ మందులు చాలా ఏళ్లుగా వాడుతున్నా, వైరల్ లోడ్ కంట్రోల్లోనే ఉందంటున్నారు. ఈమధ్య మందు మార్చి డోలుటెగ్రావిర్ ఉన్న బిళ్ల ఇచ్చారు, రాత్రి పడుకునేముందు వేసుకుంటున్నా. అప్పట్నుంచి అర్ధరాత్రి దాటినా కన్ను మూతపడట్లేదు, పగలు మనుషుల పేర్లు గుర్తురావు, స్టవ్ మీద ఏదైనా పెట్టి మర్చిపోతున్నా. నిద్రమాత్ర వేసుకోవచ్చా, లేక ఈ బిళ్లే మానేయనా?
– పేరు వేయొద్దు

జవాబు: మానేయడం మాత్రం వద్దండీ, ఒక్క రోజు కూడా. మీ మెదడుకి అన్నిటికంటే పెద్ద కాపలా ఆ బిళ్లే. కాకపోతే డోలుటెగ్రావిర్ కొంతమందికి నిద్ర చెడగొడుతుంది, అలాంటప్పుడు పొద్దునకి మార్చి చూస్తాం, మీ డాక్టర్ని ఓ మాట అడిగి మార్చుకోండి. గ్యాస్‌కి యాంటాసిడ్ వాడుతుంటే మాత్రం ఈ బిళ్ల దానికి 2 గంటల ముందో 6 గంటల తర్వాతో పడాలి, లేదంటే ఒంటికి సరిగ్గా పట్టదు.

నిద్రమాత్రల సంగతి. ఈ వయసులో వాటితో కిందపడి ఎముక విరగ్గొట్టుకునేవాళ్లు, పొద్దున లేచాక అయోమయంగా ఉండేవాళ్లు ఎక్కువ, అసలే మతిమరుపని భయపడుతున్న మీకు అవెందుకు చెప్పండి. పైగా మీ హెచ్‌ఐవీ మందుల్లో రిటోనావిర్ గానీ కోబిసిస్టాట్ గానీ ఉంటే కొన్ని నిద్రమాత్రలు ఒంట్లో బాగా పేరుకుపోతాయి. మగతొస్తుంది కదా అని జలుబు, అలర్జీ మాత్రలు వేసుకుంటారు కొందరు, డైఫెన్‌హైడ్రమిన్ లాంటివి, అవీ జ్ఞాపకశక్తికి మంచివి కావు.

నిద్రలేమికి మొదటి వైద్యం మాత్ర కాదు, సీబీటీ-ఐ అనే పద్ధతి (నిద్ర చెడగొట్టే అలవాట్లనీ ఆలోచనల్నీ మార్చే శిక్షణ), అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే ఈ మాట చెప్పింది. దీన్ని నేర్పేవాళ్లు దొరికితే వదలకండి. ఇందులో జనానికి నచ్చని ముక్క ఒకటుంది: నిద్ర పట్టట్లేదని తొందరగా పడుకోకూడదు, ఇంకా ఆలస్యంగా పడుకోవాలి! నిజంగా నిద్రపోయేది ఐదున్నర గంటలైతే మంచం మీద ఉండేదీ ఇంచుమించు అంతే, నిద్ర గట్టిపడ్డాక పావుగంట పావుగంటగా పెంచుకుంటూ పోవాలి. ఎంత ఆలస్యంగా పడుకున్నా లేచే టైమ్ మారకూడదు. ఓ ఇరవై నిమిషాలు గడిచినట్టనిపించినా నిద్ర పట్టకపోతే లేచి వేరే చోట కూర్చోండి, గడియారం మాత్రం చూడకండి. మొదట్లో పగలు తూలినట్టుంటుంది, తూలి పడే భయం ఉన్నవాళ్లూ ఫిట్స్ ఉన్నవాళ్లూ దీన్ని సొంతంగా మొదలుపెట్టొద్దు.

ఇక మతిమరుపు. నిద్ర చాలకపోతే ముందు దెబ్బతినేది ఏకాగ్రత, స్టవ్ మర్చిపోవడం చాలావరకు అదే. మందులు సరిగ్గా వాడేవాళ్లలో హెచ్‌ఐవీ వల్ల పూర్తి డిమెన్షియా రావడం ఇప్పుడు అరుదు, ఆలోచన కాస్త నెమ్మదించడం మాత్రం కొందరిలో చూస్తున్నాం. అందుకని బీ12, థైరాయిడ్, షుగర్, బీపీ చూపించుకోండి, దిగులుగా ఉంటే దాచకుండా చెప్పండి, గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతోందేమో ఇంట్లోవాళ్లని అడగండి. తెలిసిన దారే తప్పిపోతున్నా, డబ్బు లెక్కలు తేడా వస్తున్నా నిద్ర కుదిరేదాకా ఆగకుండా న్యూరాలజిస్టు దగ్గర జ్ఞాపకశక్తి పరీక్ష చేయించుకోండి.